కుమ్హారిలో కార్తిక పున్నమి

విశాఖపట్నం నుండి దుర్గ్ వెళ్ళే వందే భారత్ రైలు 2024 సెప్టెంబరులో మొదలైంది. మధ్యాహ్న భోజనం ముగించుకొని ఎక్కితే, విజయనగరం, పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ దాటుకొని రాత్రి పొద్దుపోయే వేళకు రాయపూరులో దింపుతుంది. అదే దారిన నలభై ఏళ్ళ క్రితం మేము రెండవ తరగతి పెట్టెలో, పెట్టె మీద పెట్టె పేర్చుకొని, రాయగడ కొండల్లో సొరంగం వచ్చినప్పుడల్లా కిటికీ రెక్క దించుకుంటూ ప్రయాణించాము. అప్పుడు మన కర్మాగారం ఇంకా నిర్మాణ దశలో ఉంది. శిక్షణ కోసం మమ్మల్ని భిలాయి పంపారు. ఈసారి శిక్షణ లేదు, షిఫ్టు లేదు. 2021లో పదవీ విరమణ చేశాక తీరిక అన్నది దొరికింది. కార్తిక పున్నమికి కుమ్హారి రమ్మని మా అప్ప పది సంవత్సరాలుగా పిలుస్తూనే ఉంది. (మా బొబ్బిలి వైపు అక్కను అప్ప అంటాము.) మా శ్రీమతి పట్టుబట్టి టిక్కెట్లు తీయించింది.

రాయపూరు స్టేషనుకు బావగారు వచ్చారు. ఆయన చరోదాలో రైల్వే ఉద్యోగం చేసి విరమించిన వారు. భిలాయి మార్షలింగ్ యార్డు అక్కడే ఉన్నది. ఆ యార్డు పుణ్యమా అని చరోదా, భిలాయి ప్రాంతాలలో మన తెలుగు కుటుంబాలు చాలానే స్థిరపడ్డాయి. విరమణ తరువాత వారు కుమ్హారిలో రెండు గదుల ఇల్లు కట్టుకొన్నారు. రాయపూరు దాటి జాతీయ రహదారి మీద పడమరగా పోతే ఖారున్ నది వంతెన వస్తుంది. నదికి అటు రాయపూరు జిల్లా, ఇటు దుర్గ్ జిల్లా. వంతెన దిగితే కుమ్హారి.

ఊరి పేరు వినగానే మనకు కుమ్మరి గుర్తుకు రావడం సహజం. హిందీ కుమ్హార్, తెలుగు కుమ్మరి, రెండూ సంస్కృత కుంభకారునికి మనుమలే. అయితే ఈనాటి కుమ్హారిలో కుండలకంటే లారీలు ఎక్కువ. టోల్ గేటు, రహదారి పొడవునా దాబాలు, గోదాములు, చిన్న చిన్న కర్మాగారాలు. హౌరా–ముంబయి రైలు మార్గం ఊరిని ఆనుకొని పోతుంది. రాజ్‌హరా ఇనుప గనులు, బొగ్గు, ఉక్కు అన్నీ ఈ ప్రాంతపు రైలు పట్టాల మీదనే నడుస్తుంటాయి. యాత్రికుడు చూడవలసిన ఊరు అని ఎవరూ దీనిని చెప్పరు. మేమూ చెప్పము. రహదారి వదలి లోపలికి పోతే మాత్రం మొరం నేల, వరి మళ్ళు, చెరువులు, చెరువు గట్టున రావి చెట్టు. అంతా మన పార్వతీపురం వైపు పల్లెలాగే ఉంటుంది. మేము వెళ్ళినప్పుడు వరి కోతలు సాగుతున్నాయి.

నవంబరు 15 శుక్రవారం పున్నమి. అప్ప ఉపవాసం. సాయంత్రం దేవ్‌బలోదా శివాలయానికి వెళ్ళాము. కుమ్హారి తరువాతి రైలు స్టేషను పేరే దేవ్‌బలోదా చరోదా. కలచురి రాజుల కాలపు ఆలయం అది. పురావస్తు శాఖ రక్షణలో ఉన్నది. పైన శిఖరం పూర్తికాకుండానే నిలిచిపోయింది. పక్కన మెట్లు దిగే కోనేరు. గోడల నిండా శిల్పాలు, వేటగాళ్ళు, ఏనుగులు, నాట్యం చేసే స్త్రీలు. శిఖరం లేని గుడి చూడడానికి మొదట కొంత వెలితిగా తోచినా, దీపాలు వెలిగాక ఆ వెలితి కనబడలేదు. అప్ప తెలుగింటి పద్ధతిలో 365 వత్తుల దీపం వెలిగించింది. చుట్టూ ఉన్న ఛత్తీస్‌గఢీ స్త్రీలు ఆ వత్తుల కట్టను వింతగా చూసి, ఎందుకని అడిగారు. రోజుకొకటి చొప్పున ఏడాదికి సరిపడా అని అప్ప వారి భాషలోనే చెప్పింది. "ఒక్కరోజులో ఏడాది పని కానిచ్చేశావా?" అని ఒకామె నవ్వింది.

గుడి నుండి వస్తూ దారిలో అప్ప అంది: "తమ్ముడూ, రాత్రికి మా వీధి చౌకులో పండవానీ ఉంది. నిద్ర వస్తోందని లేచిపోకు. 1983లో లేచిపోయావు. నేను మరచిపోలేదు."

మరచిపోవలసిన విషయం కూడా కాదు. శిక్షణ రోజుల్లో ఆదివారం ఆదివారం మేము భిలాయి హాస్టలు నుండి చరోదా రైల్వే క్వార్టర్లలోని అప్ప ఇంటికి భోజనానికి వచ్చేవాళ్ళం. ఒక ఆదివారం రాత్రి పక్క పల్లెలో పండవానీ ఉన్నదని అప్ప తీసుకువెళ్ళింది. భాష అర్థం కాలేదు. మరునాడు మొదటి షిఫ్టు. అరగంట కూర్చొని, "ఈ పల్లె పాటకు ఇంత దూరం రావాలా?" అని లేచి వచ్చేశాము. అప్ప మాతో పాటే లేచి వచ్చింది. దారి పొడవునా ఏమీ మాట్లాడలేదు.

పండవానీ అంటే పాండవుల కథ. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో రాత్రుళ్ళు మహాభారతాన్ని పాడి, చెప్పి, ఆడి చూపించే కళ. మనవారికి ఒక్క మాటలో చెప్పాలంటే బుర్రకథకు దాయాది. ప్రధాన గాయకుని చేతిలో తంబూర, రెండవ చేతిలో కరతాళం. వెనుక హార్మోనియం, తబలా, ఢోలక్, మంజీరా. మన వంతగాళ్ళ స్థానంలో అక్కడ రాగీ అనే సహగాయకుడు ఉంటాడు. కథకుడు వాక్యం ముగించగానే "హౌ" అని ఊకొడతాడు, ప్రశ్నలు వేస్తాడు, మధ్యమధ్య నవ్విస్తాడు. మన బుర్రకథలో హాస్యపు వంత, రాజకీయపు వంత అని ఇద్దరు పంచుకొనే పనిని అక్కడ ఒక్కడే మోస్తాడు. మరొక విశేషం, ఈ భారతానికి నాయకుడు అర్జునుడు కాడు, భీముడు. పొలంలో పనిచేసే వారికి గాండీవంకంటే గద దగ్గర అనుకుంటాము.

ఈ కళలో రెండు శాఖలు ఉన్నాయి. వేదమతి శాఖలో గాయకులు కూర్చొని, సబల్ సింగ్ చౌహాన్ హిందీలో పద్యరూపంగా రచించిన మహాభారతాన్ని ఆధారం చేసుకొని పాడతారు. దుర్గ్ జిల్లాకు చెందిన ఝాడూరామ్ దేవాంగన్ ఈ మార్గంలో పెద్ద పేరు. భిలాయి అమ్మాయి రీతూ వర్మ కూడా ఈ శాఖలోనే పేరు తెచ్చుకొన్నారు. రెండవది కాపాలిక శాఖ. దీనికి పుస్తకం అక్కరలేదు. కథ కపాలంలో, అంటే తలలో ఉంటుంది. గాయకుడు లేచి నిలబడి, అటూ ఇటూ నడుస్తూ, పాత్రలన్నీ తానే అయి, అప్పటికప్పుడు మాట అల్లుకుంటాడు. స్త్రీలు పాడితే కూర్చొనే పాడాలి. నిలబడి పాడడం పురుషుల సొత్తు. అది లిఖించని నియమం.

ఆ నియమాన్ని కాదని లేచి నిలబడిన స్త్రీ తీజన్ బాయి. ఆమె 1956 ఏప్రిల్ 24న భిలాయికి 14 కిలోమీటర్ల ఉత్తరాన ఉన్న గనియారి గ్రామంలో పార్ధీ కుటుంబంలో జన్మించారు. అయిదుగురు పిల్లలలో పెద్దది. తాత (అమ్మ తండ్రి) బ్రిజ్‌లాల్ పాడే భారతం చాటుగా వింటూ కథలన్నీ కంఠస్థం చేశారు. తరువాత ఉమేద్ సింగ్ దేశ్‌ముఖ్ వద్ద కొంత నేర్చుకొన్నారు. పదమూడవ ఏట పొరుగు ఊరు చంద్రఖురిలో తొలిసారి పదిమంది ఎదుట పాడారు. (రాయపూరు దగ్గర కౌసల్యాదేవి ఆలయం ఉన్న చంద్రఖురి వేరు. ఇది దుర్గ్ జిల్లాలోది.) నిలబడి పాడారు. ప్రతిఫలం పది రూపాయలు.

అందుకు ఆమె చెల్లించిన మూల్యం మాత్రం పది రూపాయలు కాదు. పన్నెండవ ఏటనే వివాహమైన పిల్ల ఊరూరా తిరిగి మగవాడిలా గర్జించడమేమిటని కులం వెలివేసింది. ఆమె తానే ఒక చిన్న గుడిసె వేసుకొని, ఇరుగుపొరుగు వారి వద్ద గిన్నెలు, బియ్యం అరువు తెచ్చుకొని ఒంటరిగా బ్రతికారు. పాట మానలేదు. ఈ నాలుగు మాటలు వ్రాయడం సులభం. ఒక పల్లెలో, పద్నాలుగు పదిహేనేళ్ళ పిల్లకు, అరువు గిన్నె పట్టుకొని ఒక గడప ముందు నిలబడడం ఎలా ఉంటుందో మేము ఊహించగలం తప్ప చెప్పలేము.

రాయపూరులో పుట్టిన సుప్రసిద్ధ రంగస్థల దర్శకుడు హబీబ్ తన్వీర్ ఆమెను గుర్తించారు. ఆయన 1959లో నయా థియేటర్ స్థాపించి ఛత్తీస్‌గఢ్ పల్లె కళాకారులనే నటులుగా నిలబెట్టిన వారు. "చరణ్‌దాస్ చోర్" నాటకం వారిదే. ఆయన చొరవతో తీజన్ బాయి అప్పటి ప్రధాని ఇందిరాగాంధీ సమక్షంలో పాడారు. 1980 దశకం నుండి ఇంగ్లండు, ఫ్రాన్సు, స్విట్జర్లాండు, జర్మనీ, టర్కీ, ట్యునీషియా, మాల్టా, సైప్రస్, రుమేనియా, మారిషస్ దేశాలలో ఆమె తంబూర మ్రోగింది. ఛత్తీస్‌గఢీ ఒక్క ముక్క రాని వారు గంటల తరబడి కూర్చొని విన్నారు. పద్మశ్రీ 1980 దశకం చివర, సంగీత నాటక అకాడమీ పురస్కారం 1995లో, పద్మభూషణ్ 2003లో, జపానువారి ఫుకుఒకా బహుమతి 2018లో, పద్మవిభూషణ్ 2019లో లభించాయి.

వీటన్నిటి మధ్య మన పాఠకులకు ఎక్కువ ఆసక్తి కలిగించే సంగతి ఒకటున్నది. ఆమె భిలాయి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం చేశారు. నెల జీతం అంటే ఏమిటో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. వెలివేసిన వారి దయ మీద కాక, ఒకటవ తేదీన చేతికి వచ్చే జీతం మీద ఇల్లు నడవడం ఒక కళాకారిణికి ఎంత ధైర్యమో ఆలోచించండి. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిన నాటి నుండి భిలాయి దేశానికి రైలు పట్టాలు ఇస్తూ వచ్చింది. దాని ఖాతాలో ఈ తంబూరను కూడా వ్రాసుకోవచ్చునని మా అభిప్రాయం. ప్రభుత్వ రంగ సంస్థలు క్రీడాకారులకు ఇచ్చినంత చోటు పల్లె కళాకారులకు ఇచ్చి ఉంటే ఇంకెందరు నిలబడేవారో.

ఇదంతా మాకు ఆలస్యంగా తెలిసింది. 1988లో శ్యామ్ బెనెగల్ "భారత్ ఏక్ ఖోజ్" ధారావాహిక దూరదర్శన్‌లో వచ్చేటప్పుడు, మహాభారత ఘట్టంలో ఒక స్త్రీ తంబూర ఎత్తిపట్టి గర్జించింది. మేము ఉక్కునగరంలో టీవీ ముందు కూర్చొని ఉన్నాము. "ఇది అప్ప చూపించిన పాట కదూ!" అని అన్నాము. అప్పకు ఉత్తరం వ్రాశాము. ఆమె జవాబులో ఆ సంగతి తప్ప అన్నీ వ్రాసింది.

ఆ మౌనానికి కారణం మాకు తెలుసు. ఇక్కడ కొంత మా ఇంటి సంగతి చెప్పక తప్పదు.

అప్ప పుట్టింది 1957లో. తీజన్ బాయి కంటే ఒక్క ఏడాది చిన్న. 1972లో బడి వార్షికోత్సవానికి ఆడపిల్లల బుర్రకథ కట్టారు. కథ బొబ్బిలి యుద్ధం. కథకురాలు అప్ప. నాన్నగారు స్వయంగా గొల్లపల్లి వెళ్ళి, వీణలు చేసే ఆచారిగారి చేత పనస కర్రతో చిన్న తంబూర చేయించారు. ఆ రాత్రి అప్ప తంబూర భుజాన వేసుకొని, వ్రేళ్ళకు అందెలు తొడిగి, అడుగు ముందుకు వెనుకకు వేస్తూ చెబుతుంటే ఊరంతా నోరు తెరచుకొని చూసింది. వారం తిరగకుండా పక్క ఊరి దళం పెద్ద వచ్చి, పిల్లను దళంలో పంపమని అడిగాడు. 1940 దశకంలోనే ప్రజానాట్యమండలిలో మోటూరి ఉదయం గారి స్త్రీల దళం ఆంధ్రదేశమంతా కథలు చెప్పిందని, ఇది కొత్తేమీ కాదని ఆయన వాదించాడు. నాన్నగారు కాదనలేదు, అవుననలేదు. కాని మా పెద్దలు ఊరుకోలేదు. పెళ్ళి కావలసిన పిల్ల పందిళ్ళలో గంతులు వేస్తుందా అన్నారు. తంబూర అటక ఎక్కింది. మూడేళ్ళకు అప్ప పెళ్ళయి చరోదా వెళ్ళింది.

అప్పుడు మాకు పదకొండేళ్ళు. అడ్డు చెప్పగల వయసు కాదు, నిజమే. కాని అప్ప వంటింట్లో ఏదో ఒకటి పాడుకుంటుంటే గుమ్మం దగ్గర నిలబడి "తందాన తాన" అని వెక్కిరించింది మేమే. కొన్నాళ్ళకు ఆమె వంటింట్లో కూడా పాడడం మానేసింది.

కుమ్హారి చౌకులో తొమ్మిదిన్నరకు పండవానీ మొదలైంది. నాలుగు బల్లలు కలిపిన వేదిక, రెండు ట్యూబులైట్లు, నేల మీద జంపఖానాలు. రెండు వందల మంది ఉంటారు. గాయని ముప్పయి అయిదేళ్ళ స్త్రీ. ముదురు ఎరుపు చీర, చేతులకు కడియాలు, నుదుట పెద్ద బొట్టు, నెమలి పింఛాలు కట్టిన తంబూర. ముందుగా కృష్ణునికి జయం పలికించి, నిలబడే కథ ఎత్తుకొంది. కాపాలిక శాఖలో ఈనాడు స్త్రీలు పాడడం వింత కాదు. భిలాయికే చెందిన ఉషా బార్లేకు 2023లో పద్మశ్రీ వచ్చింది.

కథ ద్రౌపదీ వస్త్రాపహరణం, ఆపైన దుశ్శాసన వధ. అప్ప మాకూ మా శ్రీమతికీ మధ్య కూర్చొని చెవిలో అర్థం చెబుతూ వచ్చింది. పదిహేను నిమిషాల తరువాత చెప్పవలసిన అవసరం లేకపోయింది. ఆ తంబూర ఒక్కటే. అది సభలో ద్రౌపది జుట్టయింది. మరుక్షణం భీముని గద అయి భుజం మీదికి ఎక్కింది. ఒకసారి రథమై గాయని ముందు పరుగెత్తింది. గొంతు సన్నగా మొదలై, పొట్టలో నుండి వచ్చినట్లు బొంగురుగా లేచి, ఒక్కసారిగా ఆగిపోయేది. ఆ ఆగిన చోట రాగీ "హౌ" అనేవాడు. మా మేనల్లుడు కంప్యూటరు ఉద్యోగి, ఎప్పుడూ చెవిలో విదేశీ రాక్ సంగీతం పెట్టుకొని తిరిగేవాడు. "మామయ్యా, గిటారు భుజాన వేసుకొని వేదికంతా తిరుగుతూ గొంతు చించుకొని పాడేవాళ్ళ కోసం వాళ్ళు స్టేడియాలు నింపుతారు. మన చౌకులో ఊరికే వస్తోంది" అన్నాడు. పోలిక మాకు మొదట నచ్చలేదు. ఆలోచిస్తే తప్పు కూడా కాదనిపించింది.

దుశ్శాసనుని రొమ్ము చీల్చే ఘట్టం వచ్చింది. భీముడు ప్రతిజ్ఞ గుర్తు చేసుకొంటున్నాడు. గాయని వాక్యం ముగించి ఆగింది. సరిగ్గా అప్పుడే రాగీకి దగ్గుతెర వచ్చింది. ఒక క్షణం చౌకంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో మా పక్క నుండి, గట్టిగా, సరిగ్గా తాళం మీద, "హౌ!" అని వినబడింది.

అప్ప!

అందరి తలలూ తిరిగాయి. బావగారు కండువా నోటికి అడ్డం పెట్టుకొన్నారు. గాయని మాత్రం నవ్వలేదు. రెండు అడుగులు వేదిక అంచుకు వచ్చి, తంబూర అప్ప వైపు చూపించి, తరువాతి వాక్యం ఆమెకే చెప్పింది. అప్ప మళ్ళీ ఊకొట్టింది. రాగీ దగ్గు తగ్గే దాకా నాలుగైదు వాక్యాలు అలాగే సాగాయి. అరవై ఏడేళ్ళ మనిషి, ఉదయం నుండి ఉపవాసం ఉండి రాత్రి కాస్త ఫలహారం చేసిన మనిషి, వెన్ను నిటారుగా పెట్టి కూర్చొని ఉంది. మేము ఆమె ముఖం వైపు చూడలేకపోయాము.

కథ ముగిసేసరికి రెండయింది. ఈసారి మేము లేవలేదు.

మరునాడు మేనల్లుడు కారులో గనియారి తీసుకువెళ్ళాడు. అన్ని ఊళ్ళలాంటి ఊరే. కోసిన వరి పనలు, చెరువు, కంచెల మీద సొరపాదులు. తీజన్ బాయి వృద్ధాప్యంలో ఉన్నారు. పరిచయం లేని మనుషులం గడప తొక్కి ఇబ్బంది పెట్టడం తగదని అనుకొన్నాము. రావి చెట్టు క్రింద పది నిమిషాలు నిలబడి వెనుకకు తిరిగాము. అప్ప మాత్రం కారు ఎక్కేముందు ఆ ఊరి వైపు తిరిగి చేతులు జోడించింది.

దారిలో అంది: "తమ్ముడూ, నాన్న చేయించిన తంబూర అటక మీదే ఉందా?"

ఈ ప్రశ్న వస్తుందని రాత్రి నుండి భయపడుతూనే ఉన్నాము. 2009లో పాత ఇల్లు పడగొట్టించి కట్టించినప్పుడు, అటక మీది సామాను మొత్తం పాత ఇనుప సామాన్ల వాడికి తూకం మీద వేసేశాము. విరిగిన కుర్చీ, పాత ట్రంకు పెట్టె, వాటితో పాటు తంబూర. అప్పను ఒక్క మాట అడగాలని కూడా తోచలేదు. ఉన్నది ఉన్నట్లు చెప్పాము. మా శ్రీమతి కిటికీలో నుండి బయటికి చూస్తూ కూర్చుంది.

చాలాసేపటికి అప్ప, "కర్రకు ఎంత ఇచ్చాడు?" అని అడిగింది.

కర్రకు వేరే ఏమీ ఇవ్వలేదన్నాము.

"అయితే నాకు ఒకటి బాకీ పడ్డావు. గొల్లపల్లిలోనే చేయించు" అంది.

ఇంటికి వచ్చిన నాలుగవ రోజునే బొబ్బిలి వెళ్ళాము. గొల్లపల్లిలో ఇప్పటికీ పనస మొద్దును తొలిచి ఒకే మానుతో వీణలు చేస్తున్నారు. చిన్న బొమ్మ వీణలు బహుమతులుగా బాగా అమ్ముడు పోతున్నాయి. మన సంస్థలోనూ వీడ్కోలు సభల్లో అవే ఇస్తుంటాము. తంబూర కావాలంటే ఆచారిగారు కొంచెం ఆలోచించారు. చేసి చాలా కాలమయిందట. కొలతలు వ్రాసుకొంటూ, "కూర్చొని పాడడానికా, నిలబడి పాడడానికా? నిలబడేదయితే బరువు తగ్గించాలి" అన్నారు.

అక్కడి నుండే కుమ్హారికి ఫోను చేశాము. అప్ప వంటింట్లో ఉన్నట్లుంది, తాలింపు చప్పుడు వినబడుతోంది.

"నిలబడి" అంది.

కర్ర ఆరాలి, సంక్రాంతి వెళ్ళాక రమ్మని ఆచారిగారు చెప్పారు. వెయ్యి రూపాయలు బయానా ఇచ్చి వచ్చాము.